హోటల్ మూయించారు, ఐదో రోజుకి తెరిచేశారు. ఈ తనిఖీల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కూకట్‌పల్లి_కిరణ్

మా ఆఫీసు పక్క వీధిలో ఒక బిర్యానీ హోటల్ ఉంది. మధ్యాహ్నం టోకెన్ తీసుకుని నిలబడితే గానీ టేబుల్ దొరకదు. పోయిన వారం ఒకరోజు వెళ్తే షట్టర్ సగం దించి, దాని మీద కాగితం అంటించి ఉంది. ఫుడ్ సేఫ్టీ వాళ్లు వచ్చి మూయించారని ఎదురుగా ఉన్న పాన్ డబ్బా ఆయన చెప్పాడు. మంచి పని చేశారనుకున్నాం. ఐదో రోజుకల్లా మళ్లీ తెరిచేశారు. అదే మాస్టర్, అదే కౌంటర్, పైగా "సరికొత్త హంగులతో" అని ఫ్లెక్సీ ఒకటి.

మూయించేంత కారణం ఉంటే ఐదు రోజుల్లో ఏం మారింది? తెరవొచ్చని ఎవరు చెప్పారు? ఫైన్ కట్టేసి తెరుచుకున్నారా? అక్కడ తినాలా వద్దా అన్నది తర్వాత ఆలోచిస్తా, ముందు ఈ పద్ధతేంటో తెలుసుకోవాలని ఉంది.

బిర్యానీ_బాబాయ్

ఇందులో తెలుసుకోవడానికి ఏముంది బ్రో. వచ్చారు, ఫోటోలు దిగారు, మాట్లాడుకున్నారు, తెరిచారు. పండగ ముందు ఒకసారి, వానాకాలంలో ఒకసారి జరిగే తంతే కదా.

మోడరేటర్

మొదటి పోస్టులోంచి హోటల్ పేరు తీసేశాం. ఎవరైనా సరే, ఇక్కడ ఏ హోటల్ పేరూ రాయకండి. పద్ధతి గురించి మాట్లాడుకోవడానికి పేరు అక్కర్లేదు.

రిటైర్డ్_ఎఫ్‌ఎస్‌ఓ

నేను ఈ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను. ఒకప్పుడు మమ్మల్ని ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు అనేవాళ్లు. 2006 నాటి ఆహార భద్రత చట్టం 2011 ఆగస్టులో అమల్లోకి వచ్చాక ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లమయ్యాం. బాబాయ్ గారు చెప్పినలాంటి పనులు ఎక్కడా జరగవని నేను బాండు రాసివ్వను. కానీ ఐదు రోజుల్లో తెరిచినంత మాత్రాన డబ్బులు చేతులు మారాయని అనుకోనక్కర్లేదు.

కిరణ్ గారూ, ఆ కాగితం మీద ఏ సెక్షన్ ఉందో ముందు చూడాలి. జనం దృష్టిలో అన్నీ "మూయించడమే", చట్టంలో మాత్రం దేనికదే వేరు. ఎక్కువగా జరిగేది సెక్షన్ 32, ఇంప్రూవ్‌మెంట్ నోటీసు. దీంట్లో హోటల్ మూయరు. ఫలానా లోపాలున్నాయి, ఫలానా గడువులోగా సరిచేసుకోండి అని రాసిస్తారు. ఆ గడువు 14 రోజులకు తగ్గకూడదు. అప్పటికీ సరిచేయకపోతే లైసెన్స్ సస్పెండ్ చేస్తారు, ఇంకా వినకపోతే షోకాజ్ ఇచ్చి రద్దు. ప్రజల ఆరోగ్యానికి ముప్పు అనిపిస్తే మాత్రం గడువుతో పని లేకుండా వెంటనే సస్పెండ్ చేయొచ్చు, అయితే కారణాలు కాగితం మీద పెట్టాలి. పేపర్లో "హోటళ్లపై కొరడా" అని వస్తుంది చూశారా, అందులో సగానికి సగం ఈ నోటీసులే. మర్నాడు వెళ్తే హోటల్ తెరిచే ఉంటుంది. జనమేమో మూయించినట్టే చెప్పుకుంటారు.

రెండోది సెక్షన్ 34, ఎమర్జెన్సీ ప్రొహిబిషన్. అసలు సిసలు తాత్కాలిక మూసివేత ఇదే. తనిఖీకి వచ్చిన ఆఫీసరు తనంతట తాను దీన్ని చేయలేడు. పైనున్న డెజిగ్నేటెడ్ ఆఫీసర్ ముందు యజమానికి నోటీసు ఇచ్చి, తర్వాత ఫుడ్ సేఫ్టీ కమిషనర్‌కు రాస్తారు. కమిషనర్ ఆర్డర్ వేస్తారు. నోటీసుకీ ఆర్డర్‌కీ మధ్య కనీసం ఒక రోజు ఉండాలి.

ఇక మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ లేదని తాళం వేస్తే దానికీ ఆహార భద్రత చట్టానికీ సంబంధం లేదు. ఆ ఆఫీసు వేరు, ఆ చట్టం వేరు. ఇవి కాక కేసు నడిచి శిక్ష పడ్డాక కోర్టే నిషేధం వేయొచ్చు, అది సెక్షన్ 33. అంతదాకా వెళ్లేవి చాలా తక్కువ.

కూకట్‌పల్లి_కిరణ్

సార్, ఆ రోజు ఫోన్‌లో ఫోటో తీశాను. ఇప్పుడు జూమ్ చేసి చూశా. సెక్షన్ 34 అనే ఉంది. కింద కారణాలు పెన్నుతో రాశారు: వంటగదిలో బొద్దింకలు, డ్రైన్ పొంగి గిన్నెలు కడిగే చోటికి మురుగునీళ్లు రావడం, ఫ్రీజర్‌లో తేదీ వేయని మారినేటెడ్ చికెన్. ఒక లైను సరిగా కనిపించట్లేదు, "మూతలేని" ఏదో అని ఉంది.

బిర్యానీ_బాబాయ్

మూతలేని డస్ట్‌బిన్. వంద శాతం డస్ట్‌బినే. ప్రతి నోటీసులో ఉంటుంది.

రిటైర్డ్_ఎఫ్‌ఎస్‌ఓ

బాబాయ్ గారు అనుభవం మీద చెప్పినట్టున్నారు.

అయితే సంగతి తేలిపోయింది. సెక్షన్ 34 ఆర్డర్‌కు "ఇన్ని రోజులు" అనే లెక్క ఉండదు. ముప్పు ఉన్నంత వరకే ఉంటుంది. యజమాని అన్నీ సరిచేసుకుని, వచ్చి చూడండని దరఖాస్తు పెట్టుకుంటాడు. చూసి సంతృప్తి చెందితే డెజిగ్నేటెడ్ ఆఫీసర్ 7 రోజుల్లోపు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాంతో ఆర్డర్ ఆగిపోతుంది. సంతృప్తి లేకపోతే ఎందుకు లేదో 10 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. డ్రైన్ లైను రిపేరు, పెస్ట్ కంట్రోల్, ఫ్రీజర్ ఖాళీ చేసి కడగడం, ఇవన్నీ డబ్బు పెట్టి మనుషుల్ని పెడితే రెండు మూడు రోజుల పని. ఐదో రోజు తెరవడం చట్టం ప్రకారం సాధ్యమే.

ఫైన్ సంగతి. ఫైన్ కట్టి తెరుచుకోవడం అనేది ఇందులో లేదు. మురికిగా వండినందుకు సెక్షన్ 56 కింద లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. దాన్ని నిర్ణయించేది మేం కాదు, అదనపు కలెక్టర్ స్థాయి అడ్జుడికేటింగ్ ఆఫీసర్. ఆంధ్రలో అయితే జాయింట్ కలెక్టర్ దగ్గరికి వెళ్తాయి. నోటీసు, విచారణ, వాయిదాలు, అన్నీ అయ్యేసరికి నెలలు పడుతుంది. అప్పటికి హోటల్‌లో బిర్యానీ ఎప్పట్లాగే నడుస్తూ ఉంటుంది, అందులో తప్పు లేదు. మూసివేత ఉన్నది ఇవాళ తినేవాడిని కాపాడటానికి. శిక్ష ఆ ఫైలులో వస్తుంది.

మెస్_సుజాత

హన్మకొండలో చిన్న మెస్ నడుపుతాను. రోజుకు ఎంతమంది వచ్చినా వంట నేనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లం. మావైపు మాట కూడా ఒకటి వినండి.

మా దగ్గరికి వచ్చింది సరిగ్గా మధ్యాహ్నం రష్‌లో. ఒక పక్క పప్పు దించుతున్నాం, ఇంకో పక్క పార్సిళ్లు. వచ్చిన ఆఫీసరు మర్యాదగానే మాట్లాడారు, అది చెప్పాలి. కానీ వెనక ఇద్దరు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. వాళ్లు ఎవరో ఇప్పటికీ తెలియదు. తోమడానికి వేసిన గిన్నెల కుప్పను వీడియో తీశారు. మధ్యాహ్నం ఒంటిగంటకు మెస్‌లో ఎంగిలి గిన్నెలు కాక ఇంకేముంటాయి? సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మాకు వచ్చింది ఉత్త ఇంప్రూవ్‌మెంట్ నోటీసు. తినే పిల్లలు మాత్రం "ఆంటీ, మీది మూసేశారంట కదా" అని అడిగారు.

కిచెన్_క్వాలిటీ

హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ కిచెన్‌లో క్వాలిటీ చూస్తాను. తనిఖీలో ఏం చూస్తారో బయటివాళ్లకు తెలియదు కాబట్టి రాస్తున్నా.

అనుభవం ఉన్న ఆఫీసరు డైనింగ్ హాల్ వైపు చూడనైనా చూడరు. నేరుగా డీప్ ఫ్రీజర్ దగ్గరికి వెళ్తారు. మూత తీసి పైనున్న ప్యాకెట్లు పక్కకు జరిపి అడుగున ఉన్నది బయటకు తీస్తారు. స్టిక్కర్ మీద తయారుచేసిన తేదీ, వాడాల్సిన తేదీ ఉన్నాయా, పచ్చి మాంసం వండిన గ్రేవీ పక్కనే పెట్టారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఫ్రీజర్ మైనస్ 18, చిల్లర్ 5 డిగ్రీల లోపు ఉండాలి. డిస్‌ప్లే మీద అంకె కనబడుతున్నా తమ థర్మామీటర్ పెట్టి చూస్తారు. మా దగ్గర ఒకసారి డిస్‌ప్లే 4 చూపిస్తుంటే లోపల కర్డ్ టబ్‌లో 11 వచ్చింది. డోర్ రబ్బరు అరిగిపోయింది, అంతే.

తర్వాత నూనె. నల్లబడిందా అని కంటితో చూసి వదిలేయరు, నూనె ఎంత పాడైందో చూపించే టీపీసీ మీటర్ పెడితే 25 శాతం దాటకూడదు. ఈ రూల్ 2018 జులై నుంచి ఉంది. ఆ తర్వాత ఫైళ్లు: ఆరు నెలలకోసారి చేయించిన నీళ్ల టెస్ట్ రిపోర్టు, పెస్ట్ కంట్రోల్ రికార్డు, స్టాఫ్ అందరి ఏడాది మెడికల్ సర్టిఫికెట్లు, ప్రతి 25 మంది వంటవాళ్లకు ఒకరు చొప్పున ఫాస్టాక్ అనే ఆహార భద్రత ట్రైనింగ్ అయిన సూపర్‌వైజర్. చిన్న హోటళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. వంటగది శుభ్రంగానే ఉంటుంది, కాగితం ఒక్కటీ ఉండదు.

చివరగా టార్చి. గ్రైండర్ వెనక, ఫ్రిజ్ మోటారు కింద, గ్యాస్ పైపు గోడలోకి వెళ్లే కన్నం దగ్గర వేస్తారు. బొద్దింకలు ఉండేది వెచ్చగా ఉన్నచోటే.

చెక్‌లిస్టులో కొన్ని అంశాలకు స్టార్ గుర్తు ఉంటుంది. స్టార్ ఉన్నదాంట్లో ఒక్కటి తప్పినా మిగతా మార్కులు ఎన్ని వచ్చినా ఫెయిలే. ఇది తెలియక చాలామంది టైల్స్ మార్చడానికి లక్షలు పెట్టి, చేతులు కడుక్కునే సింక్ దగ్గర సబ్బు పెట్టరు.

బిర్యానీ_బాబాయ్

టైల్స్ మీద లక్షలు, సబ్బు మీద సున్నా. ఇది మాత్రం కరెక్ట్.

సరే, ఒప్పుకుంటున్నా, పద్ధతి ఒకటి ఉంది. కానీ నా డౌటు ఇది. ఐదో రోజు తెరిచినప్పుడు ఎవరో వచ్చి చూశారంటున్నారు. ఏం చూశారో, ఏం రాశారో మనకెలా తెలుస్తుంది? మూసినప్పుడేమో ఫోటోలతో సహా పెడతారు.

జెర్సీసిటీ_రవి

నేను న్యూయార్క్‌లో ఒక సౌత్ ఇండియన్ రెస్టారెంట్‌లో మేనేజర్‌ని. ఇక్కడ బాబాయ్ అడిగినదే పద్ధతి. 2010 నుంచి సిటీలో లెటర్ గ్రేడ్లు ఉన్నాయి. తప్పులకు పాయింట్లు పడతాయి, 13 లోపు ఉంటే ఏ, 14 నుంచి 27 వరకు బి, ఆపైన సి. మొదటి తనిఖీలో ఏ రాకపోతే కొన్నాళ్లకు చెప్పకుండా మళ్లీ వస్తారు. గ్రేడు మీద గొడవపడితే విచారణ అయ్యేదాకా "గ్రేడ్ పెండింగ్" కార్డు పెట్టుకోవచ్చు. పెద్ద ముప్పు ఉంటే తలుపు మీద మూసివేత నోటీసు అంటిస్తారు, మళ్లీ తనిఖీ అయితే గానీ తెరవనివ్వరు. ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి. ఏ రోజు మూశారు, ఏ రోజు తెరిచారు, ఏ తప్పుకు ఎన్ని పాయింట్లు, ఎవరైనా చూడొచ్చు.

అలాగని ఇక్కడ అంతా స్వర్గం అనుకోకండి. మన వంటలతో వేరే చిక్కులున్నాయి. దోశపిండి బయట పులియబెడితే కొత్త ఇన్‌స్పెక్టర్‌కు అర్థం కాదు. చల్లగా ఉంచాల్సిన పదార్థం 41 ఫారెన్‌హీట్ దాటకూడదు కదా, ఇది రాత్రంతా గది వేడిలో ఎందుకుంది అంటాడు. పులుపు ఎంత ఉందో పీహెచ్ మీటర్‌తో కొలిచి బ్యాచ్‌వారీగా రాసిన పుస్తకం చూపిస్తాం. పెరుగన్నం గురించి ఇంకో పుస్తకం రాయొచ్చు.

మెస్_సుజాత

రవి గారూ, మాకు ఆ ఆన్‌లైన్ లిస్టు ఉంటే నేనే ముందు సంతోషిస్తాను. బాబాయ్ గారు తినేవాళ్ల వైపు నుంచి అడిగారు, నేను వండేవాళ్ల వైపు నుంచి అదే అడుగుతున్నా. 2024 వేసవిలో హైదరాబాద్‌లో టాస్క్‌ఫోర్స్ దాడులు మొదలైనప్పుడు ప్రతి తనిఖీ ఎక్స్‌లో పెట్టారు, పేరుతో, ఫోటోలతో. జనంలో భయం వచ్చింది, మంచిదే. మా వీధిలో అందరూ హెయిర్ క్యాపులు కొన్నది అప్పుడే. కానీ పేరు పడిన హోటల్ బాగుచేసుకున్నాక "ఇప్పుడు బాగుంది" అని కూడా అదే చోట పెట్టాలి కదా? మొదటి పోస్టు వేలమంది షేర్ చేస్తారు. రెండోదాన్ని ఎవరూ చూడరు, చాలాసార్లు అసలు ఉండనే ఉండదు.

రిటైర్డ్_ఎఫ్‌ఎస్‌ఓ

సుజాతమ్మా, సర్వీసులో ఉన్నప్పుడు ఈ మాట నేనూ మీటింగుల్లో అన్నాను. తిరిగి తనిఖీ చేసిన రిపోర్టు శాఖ ఫైల్లో ఉంటుంది. దాన్ని గోడకు అంటించమని ఎవరూ అడగరు. హోటల్‌వాళ్లకు నేను ఇచ్చే సలహా ఒకటే, సర్టిఫికెట్ రాగానే కౌంటర్ దగ్గర ఫ్రేమ్ కట్టించి పెట్టండి. సిగ్గుపడి దాచేస్తారు. ఫ్లెక్సీ కంటే ఆ కాగితం నయం.

మీ దగ్గర వీడియో తీసినవాళ్లు శాఖవాళ్లు కాకపోతే వంటగదిలోకి రానివ్వక్కర్లేదు. లోపలికి వచ్చే అధికారం ఆఫీసరుకు ఉంది, వెంట వచ్చిన ప్రతివాడికీ లేదు. గుర్తింపు కార్డు అడగండి. కారణం లేకుండా వేధించాలని సరుకు సీజ్ చేస్తే ఆఫీసరుకే లక్ష వరకు జరిమానా ఉంది, సెక్షన్ 39. ఆఫీసరు మీద అబద్ధపు ఫిర్యాదు చేస్తే ఫిర్యాదు చేసినవాడికీ అదే సెక్షన్‌లో ఉంది.

కూకట్‌పల్లి_కిరణ్

మరి మాలాంటి వాళ్లం చేయగలిగేదేంటి సార్? పొట్ట పాడైన తర్వాత ట్విట్టర్‌లో తిట్టడం కాకుండా.

కిచెన్_క్వాలిటీ

ముందు బిల్లు చూడండి. దాని మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు ఉండాలి, 2022 జనవరి నుంచి తప్పనిసరి. ఆ నంబరును ఆ సంస్థదే అయిన ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో కొడితే లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది, ఇంకా చెల్లుతుందా అన్నది వస్తుంది. గోడ మీద ఊదా రంగు ఫుడ్ సేఫ్టీ బోర్డు కూడా ఉండాలి. ఫిర్యాదుకు ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది, టోల్‌ఫ్రీ 1800112100. ఫిర్యాదులో "బాగోలేదు" అని రాస్తే ఎవరూ ఏం చేయలేరు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం తిన్నారు, బిల్లు ఫోటో, మీతో తిన్నవాళ్లలో ఎంతమందికి బాగోలేదు, ఇవి రాయండి.

లా_పాయింట్

ఒకటి కలుపుతా. సెక్షన్ 40 ప్రకారం కొన్న మనిషే శాంపిల్‌ను ఫుడ్ అనలిస్ట్ దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. ఫీజు మీరు కట్టాలి, తప్పు తేలితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. కొనేటప్పుడే "పరీక్షకు పంపిస్తున్నా" అని హోటల్‌వాళ్లకు చెప్పాలి. ఈ ఒక్క ముక్క వల్లే ఎవరూ వాడరు. బిర్యానీ పార్సిల్ కట్టించుకుంటూ ఆ మాట అనేవాడిని నేనింకా చూడలేదు.

బిర్యానీ_బాబాయ్

నేను అంటా. ఒక లెగ్ పీస్ ఎక్కువ వేస్తారేమో.

మయోనైజ్ నిషేధం కూడా ఈ మూసివేతల్లోకే వస్తుందా? 2024లో మోమోలు తిని ఒకావిడ చనిపోయిందని బ్యాన్ చేశారు కదా.

రిటైర్డ్_ఎఫ్‌ఎస్‌ఓ

అది వేరు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు తెలంగాణ అంతటా నిషేధించారు. అది సెక్షన్ 30 కింద కమిషనర్‌కు ఉన్న అధికారం. అక్కడ నిషేధం పదార్థం మీద, దుకాణం మీద కాదు. గుడ్డు లేని మయోనైజ్ అమ్ముకోవచ్చు. అదే షాపులో ఎలుకలు తిరుగుతుంటే దానికి సెక్షన్ 34.

మెస్_సుజాత

చివరగా నాదొక సందేహం. ఆ రోజు మా దగ్గర పప్పు, చికెన్ గ్రేవీ శాంపిళ్లు తీసుకున్నారు. ధర కట్టి రసీదు మీద సంతకం పెట్టించుకున్నారు. పప్పు రిపోర్టు బాగానే వచ్చింది. గ్రేవీలో రంగు కలిపారని రాశారు. నేను రంగు వాడను, కశ్మీరీ మిర్చి వాడతా. కారప్పొడి బయట కొన్నదే. ఇప్పుడు ఏం చేయాలి?

లా_పాయింట్

సుజాత గారూ, రిపోర్టు చేతికి వచ్చిన తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. దాని మీద అప్పీలుకు 30 రోజులే టైం, డెజిగ్నేటెడ్ ఆఫీసర్‌కు పెట్టుకోవాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి అనలిస్టుకు వెళ్తుంది, రెండు డెజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర ఉంటాయి. నాలుగోదాన్ని గుర్తింపు ఉన్న వేరే ల్యాబ్‌కు పంపమని మీరు అడగొచ్చు, ఫీజు మీరే కట్టుకోవాలి. తీసుకున్న రోజున ఆ మాట అడిగారా? అడగకపోయినా అప్పీలు దారి ఉంది, ఆఫీసర్ ఒప్పుకుంటే తన దగ్గరున్న భాగం పై స్థాయి రిఫరల్ ల్యాబ్‌కు వెళ్తుంది, దాని మాటే ఆఖరు.

రంగు కారప్పొడిలోంచే వచ్చిందని మీ అనుమానమైతే కొన్న బిల్లు, ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు తీసి పెట్టండి. విడిగా తూకం వేయించి కొన్నదైతే కష్టం.

మెస్_సుజాత

ఆ రోజు అడగలేదు, అలా అడగొచ్చని అప్పటికి తెలియదు. కారప్పొడి ప్యాకెట్లదే, బిల్లు ఉంది. ఖాళీ కవర్లు పారేశాం, స్టోర్‌లో అదే బ్యాచ్‌వి రెండు విప్పనివి ఉన్నాయి.

లా_పాయింట్

వాటిని విప్పకండి. రేపే అప్పీలు రాయండి, బిల్లు జిరాక్స్ జతచేయండి. ఫారం నింపడంలో ఇబ్బంది ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.